ముందు చక్రం కారిన జీపు

అరకు సంత రోడ్డు పక్కన పర్యాటకులను తిప్పే జీపులు వరసగా నిలబడే చోట, మొన్న ఆదివారం చర్చి నుంచి నడిచి వస్తుంటే, వెదురుబొంగుల్లో కాలుతున్న కోడిమాంసం వాసననూ వేయించిన కాఫీ గింజల వాసననూ తోసుకుంటూ ఒక కంపు ముక్కులో దూరింది. కుళ్ళిన గుడ్డును కాలిన వెంట్రుకలతో కలిపి ఎండలో ఊరబెడితే వచ్చే కంపు. చూస్తే ఒక పాత జీపు ముందు చక్రం లోపలి నుంచి నల్లటి జిడ్డు టైరు మీదుగా జారి మట్టిలో మడుగు కడుతోంది. గేరాయిల్, బండి గేర్లలోనూ ఇరుసులోనూ పోసే నూనె. యాభై దాటిన వయసులో కూడా ఆ కంపు తగిలితే రోడ్డు దాటి అవతలి పక్కకు పోతాను. నా చిన్నతనమంతా దాన్ని పీలుస్తూనే గడిచింది మరి.

పెదబయలు అవతల కొండవాలులో మా ఊరు. నాన్నకు చోళ్ళు, సామలు పండే కాస్త మెట్టభూమి, సిల్వర్ ఓక్ చెట్ల నీడన కొన్ని కాఫీ మొక్కలు, వాటికి తోడు నాలుగు చక్రాలూ లాగే ఒక పాత జీపు ఉండేవి. సంతరోజున అల్లం బుట్టలు, పసుపు మూటలు, అడ్డాకుల కట్టలు, వాటి మీద మనుషులు, మనుషుల ఒళ్ళో కాళ్ళు కట్టిన కోళ్ళు, అందరినీ మోస్తూ అది ఎర్రబురదలో మూలుగుతూ ఎక్కేది. వానాకాలం పోయి మంచు దిగే రోజుల్లో వలిసె పూలు పూసి లోయంతా పసుపు ఆరబోసినట్టుండేది; ఎండాకాలం చివర అమ్మ మామిడి టెంకల పిండితో అంబలి కాచేది; క్రిస్మస్‌కు ముందు ఇంటింటా బెల్లం పాకం ఉడికేది. కానీ మా ఇంట్లో పాకం వాసన గడప దాటేది కాదు. గడపకు ఇవతల జీపు కంపు కాచుకుని కూర్చునేది. ఆ ఇంట్లో నేను తిన్న ఏ అరిసెలోనూ నాకు నెయ్యి వాసన తెలియలేదు.

ముందు చక్రాలను తిప్పే ఇరుసు రాడ్డు ఒక ఇనుప గొట్టంలో ఉంటుంది. గొట్టంలోని గేరాయిల్ బయటికి రాకుండా, రాడ్డును పట్టుకుని ఒక రబ్బరు కట్టు కూర్చుంటుంది. దాన్నే సీలు అంటారు. మా జీపు కుడి చక్రం వైపు సీలు అరిగిపోయింది. నాన్న దాన్ని మార్చడు. కారినంత కారనిచ్చి, మళ్ళీ పోస్తాడు. కారే చోట గోనెగుడ్డ చుట్టి, అది నాని ఉబ్బితే పిండి మళ్ళీ కడతాడు. చేతులు పాత లుంగీకి తుడుచుకుని, ఆ లుంగీని మా బట్టలు ఆరేసిన తీగ మీదే వేస్తాడు. ఆ చేత్తోనే అంబలి తాగుతాడు. ముంతంతా నల్లటి వేలిముద్రలు. కోళ్ళు ఆ మడుగులో నడిచి వచ్చి అరుగంతా తొక్కేవి. బళ్ళో నన్ను 'గేరాయిల్ గుంట' అనేవారు. నా పక్కన ఎవరూ కూర్చునేవారు కాదు.

"ఏటయ్యా, మడిసి బతికే ఇల్లా ఇది? ఆ కంపు ఎప్పుడు బాగు సేత్తావు?" అని అమ్మ అడిగినప్పుడల్లా, "వానలెల్లిపోనీ, సూద్దుం" అనేవాడు నాన్న. వానలు వెళ్ళేవి. మళ్ళీ వచ్చేవి.

మా చిన్నమ్మ సుగుణ, అమ్మకు చెల్లెలు, తొలికాన్పుకు మా ఇంటికి వచ్చింది. ముసురు పట్టిన ఒక మధ్యాహ్నం ఆమెకు నొప్పులు మొదలయ్యాయి. పాడేరు ఆసుపత్రికి తీసుకుపోదామని నాన్న జీపు తీశాడు. అమ్మ, చిన్నమ్మ వెనక. వేడినీళ్ళ సీసా పట్టుకుని నేను ముందు. దిగుడు దారిలో మలుపు దగ్గర నాన్న బ్రేకు తొక్కాడు. కారిన నూనె ఎప్పుడో లోపలికి పాకి కుడి చక్రం బ్రేకు పట్టీలను తడిపేసింది. ఎడమ చక్రం పట్టింది, కుడిది పట్టలేదు. జీపు ఒక్క ఊపున ఎడమకు తిరిగి, కొండను గుద్దుకుని కాలువలో దిగబడింది. అటువైపు కొండ ఉంది కనుక బతికాం. లోయ ఉండి ఉంటే ఈ మాటలు రాయడానికి నేను మిగిలేదాన్ని కాదు.

చిన్నమ్మకు దెబ్బ తగల్లేదు, కానీ కాన్పు ఇక ఆగేలా లేదు. సంత నుంచి వస్తున్న ఆడవాళ్ళు బుట్టలు దించి, చీరలు అడ్డం పట్టారు. బిడ్డ ఆ జీపులోనే, ఆ కంపులోనే పుట్టింది. ఆడపిల్ల. పడుకోబెట్టడానికి అందిన ప్రతి గుడ్డా నూనె మరకలదే. అమ్మ వాటిని ఒక్కొక్కటే వానలోకి విసిరేసి, తన పైటకొంగులో బిడ్డను చుట్టుకుంది. నాన్న దగ్గరికి వచ్చి తొంగిచూడబోయాడు.

"ఆ సేతుల్తో ముట్టకు" అంది అమ్మ. కోపం కాదు అది. పళ్ళెంలో పురుగును చూసినప్పుడు మనిషి ముఖం ఎలా ఉంటుందో, అలా ఉంది ఆమె ముఖం.

సంత జనం తోడు పట్టి జీపును కాలువలోంచి పైకి లాగారు. తల్లీబిడ్డలు ఇల్లు చేరాక నాన్న అరకు పోయి, కిరండూల్ రైల్లో విశాఖ దిగి కొత్త సీలు తెచ్చాడు. జీపును జాకీ మీద లేపి చక్రం ఊడదీశాడు, బ్రేకు పట్టీల మీది ఇనుప డ్రమ్ము తీశాడు. లోపలున్నది చూసి నేను నిజంగానే కక్కుకున్నాను. గ్రీజూ నూనే కలిసి పాచిపోయిన జావలా మారి, అందులో చచ్చిన పురుగులు, కోడి ఈకలు, నాన్న కుక్కిన గోనె పోగులు. ఆ జావను దోసిళ్ళతో తోడి, ఇరుసు రాడ్డు బయటికి లాగి, వెనకున్న పాత సీలును స్క్రూడ్రైవరుతో పెకలించాడు. బ్రేకు పట్టీలు మార్చి, కొత్త సీలును చెక్కముక్కతో తట్టి కూర్చోబెట్టాడు. ఇంతా చేస్తే, తర్వాతి సంతకే చక్రం మళ్ళీ తడి అయింది.

"సూసినావా, ఇది దీని గుణమే" అన్నాడు నాన్న, గోనెగుడ్డ కోసం వెతుకుతూ.

అమ్మ ఆ గుడ్డ లాక్కుని పొయ్యిలో వేసింది. బూడిద, కిరసనాయిలు, కొబ్బరిపీచు తీసుకుని జీపు కింద దూరింది. బాగు చేద్దామని కాదు. ఆ అసహ్యం ఇంకొక్క రోజు కూడా తన గుమ్మంలో ఉండకూడదని. ఏళ్ళ తరబడి గడ్డకట్టిన జిడ్డును ఉమ్ముకుంటూ, తిట్టుకుంటూ ఇరుసు పొడవునా గీకింది. గీకగా గీకగా పైన ఒక చిన్న మూత బయటపడింది. దాని చుట్టూ కందిరీగ కట్టిన మట్టిగూడు.

"ఇదేటి?" అంది అమ్మ.

నాన్న వంగి చూశాడు. అది ఇరుసుకు ఊపిరి రంధ్రం. పరుగులో లోపల వేడెక్కిన గాలి దానిలోంచి పోవాలి. అది మూసుకుపోతే గాలి నూనెను తోస్తుంది, నూనె సీలును తోసుకుని బయటపడుతుంది. ఎన్ని సీళ్ళు మార్చినా అంతే. అమ్మ చీపురుపుల్లతో ఆ గూడును పొడిచి రాల్చింది. నాన్న మళ్ళీ చక్రం విప్పి, ఇంకో సీలు వేశాడు. ఆ తర్వాత ఆ చక్రం పొడిగానే ఉంది. అయినా అమ్మ ఆ జీపు ఎక్కలేదు. సంతకు నడిచే పోయేది, నన్నూ నడిపించేది. నాన్న పక్కన ఆగి పిలిచేవాడు. ఆమె తల తిప్పేది కాదు.

ఇప్పుడు ఆ జీపు లేదు, పాత ఇనుములో పోయింది. అమ్మా నాన్నా లేరు. కబురు పెడితే అంబులెన్సు వస్తుంది. అడ్డాకుల విస్తళ్ళ మీద తినేవాళ్ళు లేరు. ఆనాడు పుట్టిన పిల్ల కరుణతో ఈమధ్య ఆ దారిన వెళ్ళాను.

"అక్కా, నాను పుట్టిన మలుపు సూపించవా?" అంది.

రోడ్డు వెడల్పు చేయడానికి కొండను కోసేశారు. ఏ మలుపో నాకే తెలియలేదు. ఒకచోట కారు ఆపించి, ఇక్కడే కాబోలు అన్నాను. కరుణ దిగి కాలువ దాకా నడిచింది. కాలువ నిండా ప్లాస్టిక్ పళ్ళేలు, సీసాలు, కోడి బొమికలు, వాటి మీద ముసిరిన ఈగలు. చీరకొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని కాసేపు నిలబడి, తిరిగి వచ్చి కూర్చుంది.

"నానిక్కడ పుట్నేదులే అక్కా" అంది. "బేగి పద."