చచ్చిన చేనులో నిలబడ్డ అవ్వ మక్క

కిందటి యాసంగిలో మా కమ్మర్‌పల్లి మక్కజొన్నకు పూత దశ దాటాక ఎండు తెగులు పడింది. పదిరోజుల్లో నిలువునా ఎండి నేల మీద పడిపోయింది. నా తమ్ముడు చేను దున్నేసి, యాభై రెండేళ్ళ వయసులో వాచ్‌మన్ పనికి దుబాయి పోయాడు. అందుకే, బోధన్ దగ్గర మక్క విత్తనాల మీద పరిశోధన చేసే నా బిడ్డ స్రవంతి "బాపు, అవ్వ మక్క నిలబడ్డది, వచ్చి సూడు" అని ఫోన్ చేయగానే సంతోషం పట్టలేక అన్నం మధ్యలోనే లేచి సంచి సర్దుకున్నాను. అవ్వ అంటే మా అమ్మ. పొయ్యి మీద పొగకు వేలాడదీసి ఆమె దాచిన పాత కంకులు రెండు, నేను పారేయబోతే స్రవంతి పట్టుకుపోయింది.

ఉదయం ఆరున్నరకు ఆర్మూరు షేర్ ఆటో ఎక్కాను, యాభై రూపాయలు. డ్రైవర్ అడిగాడు: "ఏడికి కాక, పొద్దుగాల్నే?"

"బోధన్‌కు. మా బిడ్డ మక్క చేను సూడవోతున్న."

"మక్క సూడనీకి గంత దూరమా? మనూళ్ళ లేదా?"

"ఉన్నది. నిలబడ్డది లేదు."



ఆర్మూరు నుంచి నిజామాబాద్‌కు బస్సులో గంట పైనే. ఆడవాళ్ళకు టికెట్ లేదు కనుక మగవాళ్ళకు సీటు ఆశ లేదు, నిలబడే పోయాను. బస్టాండులో ఇడ్లీ తిని తొమ్మిదిన్నర బస్సు ఎక్కితే ముప్పావు గంటలో బోధన్. మూతపడిన చక్కెర ఫ్యాక్టరీ, చెరుకు మానేసి వరి వేసిన పొలాలు. అక్కడి నుంచి రెండు కిలోమీటర్లు నడక.

చేను గట్టు ఎక్కి చూశాను. నలభై వరుసలు, రకానికొకటి, చచ్చి ఉన్నాయి. ప్రతి మక్క కర్రకూ పళ్ళు కుట్టుకునే సన్నపుల్ల ఒకటి గుచ్చి ఉంది. ఆ పుల్లలకు తెగులు అంటించి గుచ్చింది నా బిడ్డేనట.

"సంపకుంటే ఏది బతుకుతదో ఎట్ల తెలుస్తది బాపు?" అంది.

మధ్యలో ఒక్క వరుస మాత్రం, పుల్లలు గుచ్చినా పచ్చగా ఉంది. మా అమ్మ మక్క. ఆకు ముక్కలు ల్యాబుకు పంపితే, తెగులును ఓర్చే గుణం అందులో ఎక్కడ దాగుందో చదివి చెప్తారట. దాన్ని మంచి దిగుబడి రకంలోకి తేవడానికి ఏళ్ళు పడుతుందట. నేను ఆ వరుసను పట్టుకుని ఏడ్చాను.

ఆ వరుస కంకులకు ఏవేవో రకాల పుప్పొడి అంటింది, విత్తనానికి పనికిరావు. విత్తనం కోసం పక్కన ఆలస్యంగా వేసిన అయిదు మొక్కలున్నాయి. వాటి లేత కంకులకు కాగితం సంచులు తొడిగి ఉన్నాయి. స్రవంతి నీళ్ళకు పోయింది. పీచు మీద పుప్పొడి పడకుంటే గింజ పట్టదని మక్క వేసే ఎవరికైనా తెలుసు. ఎవరో మరిచిపోయారనుకుని మూడు సంచులు తీసేశాను. గాలి బాగా వీస్తోంది.

కూలికొచ్చిన గంగవ్వ దూరం నుంచి కేకేసింది. "ఓ పెద్దమనిషి, గవి ముట్టకు."

స్రవంతి వచ్చి చూసింది. సంచులు ఎందుకో అప్పుడు చెప్పింది. అదే మొక్క పుప్పొడిని చేత్తో చల్లాలట, వేరేది పడితే అది ఇక అవ్వ మక్క కాదట. మూడు కంకులూ తనే విరిచేసింది. పారేయ మనసు రాక వాటిని నా సంచిలో వేసుకున్నాను.

"ఇంకెన్నున్నయి బిడ్డ?"

"రెండు."

"గవి గింజ పట్టకుంటే?"

"అవ్వ గింజలు అయిపోయినయి బాపు."

"పసులు రాకుండ కంచె కట్టినం," అంది గంగవ్వ, "అయ్యలొస్తరనుకోలే." స్రవంతి కళ్ళు తుడుచుకుంటూనే నవ్వింది.

అంత చావు మధ్య మా అమ్మ చేతి విత్తనం నిలబడడం కళ్ళారా చూశాను. ఇంత సంతోషం నా పెళ్ళినాడు కూడా లేదు. కానీ ఆ మూడు కంకులు నా సంచిలోనే వాడిపోయాయి. రోజూ పొద్దున ఫోన్ చేసి మిగిలిన రెండింటికీ గింజ పట్టిందా అని అడుగుతాను. ఇంకా తెలియదంటుంది. ఇలాంటి చేను చూడబోయేవాళ్ళకు ఒక్క మాట: మీకు ఎంత వ్యవసాయం తెలిసినా సరే, గట్టు మీదే నిలబడి, రెండు చేతులూ వెనక్కి కట్టుకుని చూడండి.