గజాలాకు గుర్తున్న దారి

ఐన్ బల్లూత్ ఊళ్లో మహబూబాతో మాట కలిపినవాడు ఆ పూట భోజనం సంగతి మర్చిపోవాల్సిందే. ఆమె ఏ సంగతి ఎత్తుకున్నా కొండెక్కి దిగినంత సేపు పడుతుంది. యాభై ఆరేళ్ల మనిషి, నెత్తిన ఎర్ర రుమాలు, మొరటు చేతులు, ఊరంతా వినబడే గొంతు. పదేళ్ల వయసులో తండ్రి వెంట కంచరగాడిదల వెనక అడవిలోకి నడిచింది. తండ్రి పోయాక పగ్గం తనే పట్టింది. ఖుమీర్ కొండల్లో వేసవి వచ్చిందంటే ఓక్ చెట్ల బెరడు ఒలుస్తారు. సీసాలకు పెట్టే బిరడాలు దానితోనే చేస్తారు. ఆ బెరడు కట్టలు కిందికి దించడం ఆడదాని వల్ల అయ్యే పనేనా అని నవ్విన మగాళ్లలో సగం మంది తర్వాత ఆమె వెనకాలే నడిచారు.

వాళ్లు నడిచింది ఆమె తండ్రి, అల్లాలా అనే ఆయన, వేసిన దారిలో. పలుగూ పారా పట్టి వేసిన దారి కాదది. బరువెత్తిన జంతువు ఎక్కడ తడబడకుండా నడుస్తుందో చూసుకుంటూ, చెట్టుకూ చెట్టుకూ మధ్య సందు వెతుక్కుంటూ, పదకొండేళ్లపాటు అడుగు అడుగూ కలిపాడు. ఒక్క చెట్టూ కొట్టలేదు. పంతొమ్మిదేళ్ల కిందట కార్చిచ్చు వచ్చింది. ఓక్ చెట్లు తట్టుకుని బతికాయిగానీ, కాలిన నేలలో పొదలు మనిషెత్తు లేచి దారిని మింగేశాయి. ట్రాక్టర్ల కోసం కొండ అవతల మట్టిరోడ్డు పడింది. మహబూబా కంచరగాడిద గజాలా నీళ్ల డబ్బాలు మోసుకుంటూ ముసలిదైపోయింది. గజాలా అంటే జింక. దాని నడక చూసినవాళ్లు ఆ పేరు పెట్టిన మనిషి కళ్లు ఒకసారి పరీక్ష చేయించాలంటారు.

అలాంటి ఊరికి ఈ శరదృతువులో దోర్సాఫ్ వచ్చింది. కింద పట్నంలో ఆటల టీచరు, ఇరవయ్యేడేళ్లది, మోకాళ్ల మీద ఎప్పుడూ పచ్చి గాయాలే. కొండల్లో సైకిళ్లు తొక్కేవాళ్ల సంఘం ఒకటి నడుపుతుంది. వసంతంలో పెద్ద పందెం పెట్టాలని, శిఖరం నుంచి అడవిలోంచి సైకిళ్లు ఐన్ బల్లూత్ దాకా దూసుకురావాలని ఆమె ఆశ. దారి గీసిన కాగితం అటవీ అధికారి ముంజీకి చూపిస్తే ఆయన పెదవి విరిచాడు.

"దీనికి చెట్లు కొట్టాలి. ఒక్క పచ్చి చెట్టు మీద గొడ్డలి పడినా నేను సంతకం పెట్టను. పాత దారేదైనా ఉంటే పొదలు కొట్టి వాడుకోండి. గురువారం వస్తాను. అప్పటికి చూపించకపోతే పందెం పక్క లోయకి ఇచ్చేస్తాను."

ఈ ముక్క లారూసీ టీ కొట్టు ముందు పడింది. ఊరంతా అక్కడే ఉంది. మహబూబా ఒంటికాలి మీద లేచింది.

"పాత దారా! మా నాన్న దారుంది కదయ్యా! పైనుంచి ఈ కొట్టు వెనక్కే వచ్చి తేలుతుంది!"

లారూసీ టీ వంపుతూ పళ్లికిలించాడు. "తేలేది, మహబూబా. నిప్పొచ్చిన ఏడాది వానలకి మధ్యలో కొండ విరిగి దారి వాగులో పడిపోయింది. నా మేకల్ని తోలుకెళ్లి నా కళ్లతో చూశాను. మీ నాన్న దారి ఇప్పుడు నీ నోట్లోనే ఉంది."

అందరూ పగలబడి నవ్వారు. మహబూబా చెవులు ఎర్రబడ్డాయి. తండ్రి ఫొటో ఒక్కటి లేదు ఆమె దగ్గర. ఆయన ఈ భూమ్మీద మిగిల్చిందల్లా ఆ దారే. అదీ లేదంటే ఇంకేముంది?

"గురువారం చూపిస్తాను. చూపించలేకపోతే నా నోరు నేనే కుట్టేసుకుంటాను."

"అల్లా దయ ఉంటే ఊరు బాగుపడుతుంది," అన్నాడెవడో వెనకనుంచి.

కొట్టు వెనకంతా నాగజెముడు కంచే కాబట్టి, మంగళవారం మహబూబా, దోర్సాఫ్ కొడవళ్లు పట్టుకుని శిఖరం వైపునుంచి పొదల్లో దూరారు. సాయంత్రానికి అడవిపందులు పొర్లే బురదలో తేలారు. బుధవారం గజాలాను వదిలి దాని వెనక నడిచారు. ఈ దారిలో తొమ్మిదేళ్లు తిరిగిన జంతువు, దానికి గుర్తుండకపోతుందా అని. గజాలా తిన్నగా పోయి గడ్డి బాగున్నచోట నిలబడింది. అదిలిస్తే, ఇంకా బాగున్నచోటికి పోయింది.

"పిన్నీ, దీనికేమీ గుర్తులేదు," అంది దోర్సాఫ్, మొహం వేలాడేసుకుని.

మహబూబా హరీసా కారం రాసిన రొట్టె ముక్క నోట్లో పెట్టుకోబోయి ఆగింది. మరుక్షణం ఠపీమని నుదురు కొట్టుకుంది.

"నాకు బుద్ధి లేదే పిల్లా! వీపు ఖాళీగా ఉన్నదానికి దారెందుకు? ఎటుపడితే అటు దూరుతుంది. బరువుంటేనే కదా దానికి దారి కావలసింది!"

గురువారం పొద్దున శిఖరం మీద, ముంజీ ఎదురుగా, గజాలాకు రెండు పక్కలా బెరడు కట్టలు కట్టింది. బెరడు దూదిలా తేలిక, ముసలిదానికి లెక్కేకాదు. కానీ కట్టలు రెండు పక్కలకూ మూరెడు పొడుచుకొచ్చాయి. తాడు బిగిసిందో లేదో గజాలా చెవులు నిక్కాయి. తల వంచి నేల వాసన చూసింది. పక్కనే ఏపుగా ఉన్న గడ్డి వైపు కన్నెత్తి అయినా చూడకుండా, ఎడమ వైపు పొదల్లోకి, ఎవరో పిలిచినట్టు నడక మొదలుపెట్టింది.

"పోతోంది! పిన్నీ, పోతోంది!" అని దోర్సాఫ్ సైకిల్ భుజాన వేసుకుని పరుగెత్తింది.

పొదల కింద నేల గట్టిగా ఉంది. కొడవలి వేస్తే చాలు, జానెడు లోతున అరిగిన బాట బయటపడుతోంది. గజాలా ఎక్కడా నిట్టనిలువుగా దిగలేదు. కొండ చుట్టూ తిప్పి తిప్పి దించుతోంది. జోడు ఓక్ చెట్ల మధ్యకు వచ్చేసరికి ముంజీ "పట్టదు, ఆపండి" అన్నాడు. గజాలా కొంచెం కుడికి ఒరిగి, కట్టలు చెట్లకు తగలకుండా జారిపోయింది. దోర్సాఫ్ సైకిల్ హ్యాండిల్ అడ్డంగా పెట్టి చూసింది. రెండు పక్కలా చెయ్యి పట్టేంత ఖాళీ. ముంజీ నోరు వెళ్లబెట్టాడు.

కొండ విరిగిందని లారూసీ చెప్పిన చోటు రానే వచ్చింది. మహబూబా అందరికన్నా ముందుకు దూసుకెళ్లింది. అక్కడ కొండ విరగలేదు. బాట నిక్షేపంగా ఉంది, ఎండుటాకులు మాత్రం మోకాలెత్తు పేరుకుని ఉన్నాయి. మహబూబా ఆ ఆకుల్లో నిలబడి పిచ్చిదానిలా నవ్వింది. "చూడు నాన్నా, చూడు!" అని అరిచింది. ఎవరేమనుకుంటారోనని కూడా చూడలేదు.

గజాలా ఆగలేదు. ఊరి పైకప్పులు కనబడ్డాయి. నాగజెముడు కంచెలో ఒక సందు చూసుకుని దూరి, తిన్నగా లారూసీ కొట్టు వెనకున్న కోళ్లషెడ్డు తలుపు ముందు నిలబడింది. పక్కనుంచి పొమ్మంటే పోలేదు. తలుపును మూతితో పొడిచి, ఊరంతా లేచి వచ్చేలా ఓండ్ర పెట్టింది. లోపల కోళ్లు గోల గోల.

ఇప్పుడర్థమైంది అందరికీ. దారి పోయిందని చెప్పినవాడు దారి మీదే షెడ్డు కట్టుకున్నాడు! ఊరి నవ్వు ఈసారి అటు తిరిగింది. మహబూబా మాత్రం నవ్వలేదు. లారూసీ కళ్లల్లోకి చూసింది.

"కొండ విరిగిందన్నావు."

లారూసీ టోపీ తీసి చేతుల్లో నలిపాడు. "విరగలేదు. కంచె వేసి నేనే మూసేశాను. ఇంకెవడు వస్తాడులే అనుకున్నాను. మీ నాన్న ఇదిగో ఇక్కడే గాడిదల్ని ఆపి, ఊట నీళ్లు తాగి నాకో గుక్క ఇచ్చేవాడు. నన్ను క్షమించు, మహబూబా."

ఆమె గజాలా వీపున తాళ్లు విప్పి కట్టలు దించింది. ఊళ్లోవాళ్లు తిట్ల కోసం కాచుకున్నారు.

"ముందు కోళ్లని తియ్యి," అంది. "నువ్వే తియ్యి."

ఊరంతా చెయ్యి వేయడంతో మధ్యాహ్నానికి పొదలు కొట్టడం అయింది. దోర్సాఫ్ సైకిల్‌తో మళ్లీ శిఖరానికి ఎక్కింది. కింద లారూసీ ఆఖరి చెక్క పీకుతుండగా అడవిలోంచి చక్రాల సవ్వడి వినబడింది. మహబూబా కళ్లు మూసుకుని వింటూ, "మొదటి మలుపు దాటింది... జోడు చెట్లు... ఊట..." అని చెబుతూనే ఉంది. కళ్లు తెరిచేసరికి దోర్సాఫ్ షెడ్డు ఉన్నచోటు నుంచి బాణంలా దూసుకొచ్చి, కేక పెడుతూ ఊరి నడిబొడ్డున ఆగింది. ఈలలు, చప్పట్లు, నాలుక ఆడిస్తూ ఆడవాళ్లు పెట్టే జగరూతల కేకలు! ముంజీ జేబులోంచి కలం తీశాడు.

"పిన్నీ!" దోర్సాఫ్‌కు ఊపిరి ఆడటంలేదు. "పైనుంచి కిందిదాకా బ్రేకు గట్టిగా పట్టనేలేదు! ప్రతి మలుపూ తనే నన్ను పట్టుకుని తిప్పింది! మీ నాన్న ఎప్పుడైనా సైకిలెక్కాడా?"

"ఆయన సైకిల్‌ని ముట్టుకోను కూడా లేదే తల్లీ," అంది మహబూబా. తండ్రిని మట్టిలో పెట్టిన రోజున కూడా నలుగురిలో ఏడవని మనిషి, ఇప్పుడు ఊరందరి ముందూ కళ్లు తుడుచుకోవడం మర్చిపోయి గజాలా మెడ నిమురుతోంది. "బరువుతో దిగే జంతువుకి బ్రేకులుండవు కదా. అది చూసుకునే వేశాడు."