ఎర్ర డబ్బా ఆడిన అబద్ధం

మొన్న వన్ టౌన్‌లో పాత కంప్యూటర్లు బాగుచేసే కొట్టు ముందు నుంచి వెళుతున్నాను. లోపల ఎవరో ఒక సీపీయూ మూత విప్పి గాలి కొడుతున్నారు. వేడెక్కిన దుమ్మూ, పాత ప్లాస్టిక్కూ, సన్నగా టంకం పొగా కలిసిన వాసన ఒక్కసారిగా ముక్కుకు తగిలింది. వెనక నుంచి ఆటోలు హారన్లు కొడుతున్నా, తోపుడు బండి మనిషి తప్పుకోమని కేకలేస్తున్నా, కాసేపు అక్కడే నిలబడిపోయాను. అది మా భవానీపురం ఇంట్లో ముందుగది వాసన.

నాన్న రైల్వేలో గార్డు. రైలుతో పాటు ఆయనా ఊళ్ళు తిరుగుతూ, ఇంట్లో ఉన్న రోజుల్లో పగలంతా నిద్రపోయేవారు. అమ్మ ఒక ఆసుపత్రిలో నర్సు. నేను ఎనిమిదో తరగతి చదువుతున్న ఏడాది నాన్న ఇంటికి కంప్యూటరు తెచ్చారు. ముందుగదిలో కిటికీ పక్కన చెక్కబల్ల మీద, అమ్మ పాత చీరతో అంచులకు కుచ్చులు పెట్టి కుట్టిన తొడుగు కింద, కొత్తకోడలిలా ఉండేది అది. చెప్పులు విడిచి, చేతులు కడుక్కుంటేగానీ దాని దగ్గరకు వెళ్ళకూడదు. సాయంత్రం తొక్కుడుబిళ్ళ ఆడి అలిసిపోయిన పిల్లలందరం గుమ్మం దగ్గర కాళ్ళు దులుపుకుని వచ్చి, తెర మీద తమంతట తామే ఈదుకుంటూ పోయే రంగురంగుల చేపల్ని చూస్తూ కూర్చునేవాళ్ళం. కృష్ణ మీదుగా వచ్చే గాలికి, పైకి మడిచిన తొడుగు కుచ్చులు ఊగేవి. వంటింట్లోంచి తిరగమోత ఘుమఘుమ వచ్చేది. ఆ చేపలకు మేం పేర్లు కూడా పెట్టుకున్నాం.

అమ్మమ్మది ఉయ్యూరు దగ్గర పల్లె. చెరకు గానుగాడే కాలంలో అక్కడికి వెళితే బస్సు దిగకముందే చక్కెర ఫ్యాక్టరీ మడ్డి వాసన, తీపీ పులుపూ కలిసి, గొంతులోకి దిగేది. ట్రాక్టర్ల వెనక పరిగెత్తి గడలు లాక్కునేవాళ్ళం, పెదాలు చీరుకుపోయేదాకా నమిలేవాళ్ళం. అమ్మమ్మ వయసులో ఉండగా వరినాట్లకు వెళ్ళేది. ఆవిడ ఒక మడిలో పాట ఎత్తితే నాలుగు మళ్ళ అవతల వాళ్ళు అందుకునేవారట. ఆ నాట్ల పాట వరసలోనే ఆవిడ సొంతంగా ఒక క్రిస్మస్ పాట కట్టింది. పశువుల పాకలో పుట్టిన పిల్లవాడికి చలేస్తుందేమోనని, కొత్త గడ్డి తెచ్చి పరిచే ఒక కూలితల్లి పాట అది. అమ్మమ్మకు రాయడం రాదు. ఆ పాట ఆవిడ నోట్లో తప్ప ఇంకెక్కడా లేదు.

ఆ ఏడాది వానాకాలంలో అమ్మమ్మ గొంతులో గడ్డ లేచింది. ఆపరేషన్ చెయ్యాలన్నారు, చేస్తే ప్రాణానికి భయం లేదు గానీ గొంతు మాత్రం మళ్ళీ రాకపోవచ్చన్నారు. అమ్మ ఆ మాట ఇంటికొచ్చి చెప్పిన రోజునే నాన్న బజారుకు వెళ్ళి చిన్న మైకు కొనుక్కొచ్చారు. అమ్మమ్మను కంప్యూటరు ముందు కూర్చోబెట్టి, ఫ్యాను ఆపేసి, వీధి తలుపు మూసేసి, నాట్ల పాటలూ జోలపాటలూ క్రిస్మస్ పాటా అన్నీ పాడించారు. చెమటలు కారిపోతుంటే నేను విసనకర్రతో చప్పుడు కాకుండా విసిరాను. పాడడం అయ్యాక "ఒకసారి వింటావా అత్తయ్యా" అని నాన్న అడిగితే అమ్మమ్మ తల అడ్డంగా ఊపింది. "నా గొంతు నాకు తెలీదేంటి బాబూ," అని లేచి వెళ్ళిపోయింది.

ఆపరేషన్ బాగానే జరిగింది. గొంతు రాలేదు. ఆ తర్వాత అమ్మమ్మ మా ఇంట్లోనే ఉండిపోయింది. మమ్మల్ని పిలవాలంటే చప్పట్లు కొట్టేది, ఏదైనా చెప్పాలంటే చెవి దగ్గరకు వచ్చి గాలిలా ఊదినట్టు చెప్పేది.

డిసెంబరు వచ్చింది. వీధిలో ఇళ్ళ ముందు కాగితం నక్షత్రాలు వేలాడాయి. అమ్మ గులాబీ పువ్వుల అచ్చు మరిగే నూనెలో ముంచి తీస్తుంటే అవి కరకరలాడుతూ పళ్ళెంలో రాలేవి. ఆ క్రిస్మస్‌కి అమ్మమ్మ పాటను చర్చి కోయిర్ పిల్లల చేత పాడిద్దామని అందరూ అనుకున్నారు. వాళ్ళకి నేర్పడానికి మా కంప్యూటర్లో ఉన్న గొంతే ఆధారం.

ఒక మధ్యాహ్నం బడి నుంచి వచ్చి కంప్యూటరు పెట్టాను. చేపలు రాలేదు. తెర నిండా ఒక ఎర్ర డబ్బా లేచింది. కంప్యూటరు నిండా వైరస్‌లున్నాయి, వెంటనే మా మందు కొనకపోతే అంతా నాశనమైపోతుందని ఇంగ్లీషులో రాసుంది. మూసేస్తే మళ్ళీ లేస్తుంది. కీచుమని మోత పెడుతుంది. అది ఎక్కడి నుంచి వచ్చిందో మాకు ఇప్పటికీ తెలియదు. పాటల ఫోల్డరు తెరిచి చూశాను. అందులో ఏమీ లేదు. నాన్న నా ఫొటోలు దాచిన ఫోల్డరు కూడా ఖాళీ. వంటింట్లోకి పరిగెత్తి అమ్మ చీర పట్టుకుని ఏడ్చాను.

మర్నాడు కంప్యూటరు కొట్టాయన్ని పిలిపించాం. మంచి మనిషి, ఎంతో ఓపిగ్గా చూశాడు.

"అంతా తుడిచేసి ఫార్మాట్ కొట్టేద్దామండీ. మళ్ళీ కొత్తదానిలా పరిగెడుతుంది."

"మరి అందులో ఉన్న పాటలండీ?" అంది అమ్మ.

"అవి పోయినట్టేనండీ. ఇంక ఆశ పెట్టుకోకండి."

గోడ పక్కన కూర్చుని శనగపప్పు ఏరుతున్న అమ్మమ్మ చేతులు ఆగాయి. నన్ను దగ్గరకు రమ్మని సైగ చేసి, "పోతే పోనియ్యమనవే. పాటేగా," అని ఊదింది. మళ్ళీ పప్పులోకి వంగింది గానీ, అప్పటికే ఏరిన గింజల్నే తిరిగి ఏరుతోంది.

అమ్మ అది చూసింది. "ఫార్మాట్ వద్దులెండి. ఇవాళ్టికి ఉండనివ్వండి," అని ఆయన్ని పంపించేసింది.

ఆ తర్వాత అమ్మ కుర్చీ లాక్కుని, వార్డులో కొత్త పేషంటు పక్కన కూర్చున్నట్టు, ఆ ఎర్ర డబ్బా ముందు కూర్చుంది. కాసేపు దాని అరుపులు విన్నది. ఇంటర్నెట్ వైరు పీకేయమంది. పీకినా అది అరుస్తూనే ఉంది. తర్వాత, కోయిర్ వాళ్ళకి పాటలు ఎక్కించి ఇద్దామని నాన్న కొన్న పెన్‌డ్రైవ్‌ను బీరువాలోంచి తెచ్చి, ప్యాకెట్ చింపి నాకిచ్చింది.

"ఇందులో ఏవుంది?"

"ఏం లేదమ్మా. కొత్తదేగా."

"పెట్టు. దీన్ని కూడా చూసి చెప్పమను ఆ డబ్బావాణ్ణి."

పెట్టాను. ఎర్ర డబ్బాలో గీత పరుగెత్తింది, పక్కన అంకెలు టకటకా పెరిగాయి. ఏమీ లేని ఆ పెన్‌డ్రైవ్‌లో కూడా బోలెడు వైరస్‌లు దొరికాయని కీచుమంది.

అమ్మ నవ్వడం మొదలుపెట్టింది. రెండు రోజుల తర్వాత మా ఇంట్లో వినపడిన మొదటి నవ్వు అది. "మా ఊళ్ళో ఒక సూదిమందు డాక్టరుండేవాడే. ఎవరెళ్ళినా నాడి పట్టుకోకుండానే టైఫాయిడ్ అనేవాడు. మందు కూడా ఆయన దగ్గరే కొనాలి. వీడూ వాడి తమ్ముడే. వీడు చెప్పేది ఒక్కటి కూడా నమ్మమాక."

భయం పోయేసరికి నాకు కళ్ళు కనిపించడం మొదలుపెట్టాయి. కంప్యూటరులో ఎంత చోటు నిండిందో చూపించే గుండ్రటి బొమ్మ ఒకటి ఉంటుంది, నిండినది నీలం, ఖాళీది గులాబీ రంగు. పాటలు, ఫొటోలు పోయుంటే గులాబీ రంగు పెరగాలి. కానీ నీలం రంగు ఎప్పట్లాగే ఉంది.

"అమ్మా, ఏవీ పోలేదు. వీడు దాచేశాడు."

"దాస్తే వెతుకుదాం."

మర్నాడు బడిలో కంప్యూటర్ మేడంను వదల్లేదు. ఆవిడ టిఫిన్ డబ్బా పక్కన పెట్టి మరీ చెప్పారు. మిషన్ ఆన్ అవుతున్నప్పుడు ఎఫ్ ఎయిట్ నొక్కుతూ ఉంటే సేఫ్ మోడ్ వస్తుంది, అందులో అసలైనవి తప్ప ఇలాంటి దొంగ ప్రోగ్రాములు లేవవు, దాచిన ఫైళ్ళను చూపించమని అప్పుడు అడగాలి. ఇంటిదాకా ఆ మాటలే వల్లెవేసుకుంటూ వచ్చాను.

నల్లటి తెర మీద పెద్ద పెద్ద అక్షరాలతో కంప్యూటరు లేచింది. ఎర్ర డబ్బా లేదు, కీచు లేదు. చెప్పిన చోట టిక్కు పెట్టి, పాటల ఫోల్డరు తెరిచాను. వెలిసిపోయిన బట్టల్లా లేతరంగులో పాటలన్నీ వరసగా ఉన్నాయి. అమ్మ నా భుజం గట్టిగా నొక్కింది. "ముందు ఆ కొత్త పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించు. తర్వాతే సంబరం," అంది. ఎక్కించాను. క్రిస్మస్ పాట మీద నొక్కాను. చప్పుడు లేదు. మళ్ళీ నొక్కాను. లేదు. పేర్లు మిగిలి గొంతు పోయిందా అనుకున్నాను.

"ఇందాకట్నుంచి దీన్లో ఏ చప్పుడూ లేదు. సేఫ్ మోడ్‌లో సౌండ్ రాదని గానీ చెప్పారా మీ మేడం?" అంది అమ్మ.

చెప్పారు. ఆ కంగారులో మరిచిపోయాను.

దాచిన ఫైళ్ళన్నిటికీ ముసుగు తీసేశాం. దొంగ ప్రోగ్రాము ఫోల్డరును వెతికి పట్టుకున్నాం. "నువ్వే తీసెయ్యి," అని మౌసు నా చేతికే వదిలింది అమ్మ. మిషన్‌తో పాటు లేచేవాటి వరసలోంచి దాని పేరు కొట్టేసి, ఆ ఫోల్డరును తుడిచేసి, కంప్యూటరు మళ్ళీ ఆన్ చేశాం. చేపలొచ్చాయి. పాట మీద నొక్కాను.

అమ్మమ్మ గొంతు గది నిండా లేచింది. వీధి గుమ్మం దాటి బయటికి వెళ్ళింది. డ్యూటీ నుంచి వచ్చి పడుకున్న నాన్న లుంగీ సర్దుకుంటూ పరిగెత్తుకొచ్చి, తలుపు పట్టుకుని నిలబడిపోయారు. ఎదురింటి పిన్నిగారు పిండి చేతులతోనే వచ్చారు. అమ్మమ్మ మాత్రం లేవలేదు. తన గొంతును బయటి నుంచి వినడం ఆవిడకు అదే మొదటిసారి. పాటంతా అయ్యేదాకా తల వంచుకుని విని, నన్ను సైగతో పిలిచి, చెవిలో అడిగింది.

"ఇంత బాగా పాడేదాన్నటే నేను?"

ఆ క్రిస్మస్‌కి కోయిర్ పిల్లలు మా ముందుగదిలోనే ఆ పాట నేర్చుకున్నారు. ఎక్కడైనా వరస తప్పితే అమ్మమ్మ చప్పట్లు కొట్టి ఆపేది, తొడ మీద తాళం వేసి చూపించేది, వేలితో గాల్లో స్వరాన్ని పైకి ఎత్తేది. పండగనాడు చర్చిలో వాళ్ళు పాడుతుంటే ముందు వరసలో కూర్చుని, పెదాలు కదుపుతూ, మొత్తం పాటా వాళ్ళతో పాడింది.

ఇప్పుడు భవానీపురంలో ఆ ఇల్లు లేదు, అక్కడ అపార్టుమెంటు లేచింది. ఆ లావుపాటి కంప్యూటరు ఏ తుక్కు కొట్టుకు చేరిందో. అమ్మమ్మ కూడా లేదు. ఇంటికంతటికీ ఒకే తెర ఉండి, దాని ముందు వీధి పిల్లలు ఇరుక్కుని కూర్చునే సాయంత్రాలు లేవు. ఇప్పుడు ఎవరి తెర వాళ్ళ అరచేతిలోనే ఉంది, భయపెట్టే డబ్బాలు కూడా విడివిడిగా వస్తున్నాయి, ఎవరికి వాళ్ళు ఒంటరిగానే భయపడుతున్నారు.

పోయిన డిసెంబరులో పని మీద అవనిగడ్డ వైపు వెళ్ళి, తిరిగి వస్తూ ఒక ఊళ్ళో టీ తాగడానికి ఆగాను. రోడ్డు పక్క చిన్న చర్చిలో పిల్లలు పండక్కి పాట సాధన చేస్తున్నారు. రెండో చరణంలో కూలితల్లి కొత్త గడ్డి పరుస్తోంది. లోపలికి వెళ్ళి, పాట నేర్పుతున్నావిడను ఇది ఎవరి పాటండీ అని అడిగాను.

"ఎవరిదోనండి, తెలీదు. మా వైపు ఎప్పట్నుంచో పాడతారు," అందావిడ.

వెనక బల్ల మీద కూర్చుని, చివరి చరణందాకా వాళ్ళతో గొంతు కలిపాను.