హైమవతి ఎంచుకున్న తుపాకీ

ఒమాన్ దేశపు బర్కాలో ఖర్జూరాల ప్యాకింగ్ కంపెనీలో సరుకు నాణ్యత చూడటం హైమవతి ఉద్యోగం. పండును చేతిలోకి తీసుకుని బొటనవేలితో ఒక్కసారి మెల్లగా నొక్కితే చాలు, ఇది పెట్టెలోకి, ఇది పాకానికి అని చెప్పేసేది. పెళ్ళయి అమలాపురం నుంచి వచ్చిన కొత్తలో ఆ పండ్లన్నీ ఆమెకు ఒకేలా కనిపించేవి. ఏళ్ళు గడిచాక కళ్ళు మూసుకున్నా తేడా తెలిసేది. ఆ వేళ్ళే ఈమధ్య పొద్దున్న లేచేసరికి మొద్దుబారిపోతున్నాయి. కుడిచెయ్యి కాసేపు విదిలిస్తే గాని వాటికి మళ్ళీ ప్రాణం వచ్చేది కాదు. ఆ సంగతి భర్త సూర్యప్రకాశానికి చెప్పింది. జైనబ్‌కు మాత్రం చెప్పలేదు.

జైనబ్ షూటింగ్ క్లబ్బులో గురి నేర్పే మనిషి. మస్కట్ దారి నుంచి లోపలికి తిరిగితే, రాళ్ళ కొండల నడుమ, ఎండిన వాగు పక్కన ఉండేది ఆ క్లబ్బు. ఒకసారి జాతీయ దినం సెలవుల్లో కంపెనీ వాళ్ళు అందరినీ అక్కడికి తీసుకెళ్ళారు. తోటి ఆడవాళ్ళు చెవులు మూసుకుని నవ్వుకుంటుంటే, హైమవతి చిన్న పిస్తోలు ఒకటి పట్టుకుని నిలబడింది. ఊపిరి సగం వదిలి ఆపినచోట, వేలు కదిలేలోపు, ఏదో ఖాళీ ఉన్నట్టు తోచింది. పడవవాడు తెడ్డు పైకెత్తి ఊరుకున్నప్పుడు గోదావరి మీద పరుచుకునే నిశ్శబ్దం లాంటిదది. అందులో ఉద్యోగం లేదు, ఊరు లేదు, వయసు లేదు. దానికోసమే ఆ తర్వాత శుక్రవారం వస్తే చాలు, తెల్లవారేసరికి తయారైపోయేది.

సూర్యప్రకాశం కారు నడిపేవాడు. అతనికి తుపాకీ చప్పుడు పడదు. క్లబ్బు గోడ నీడలో కారు ఆపి, సీటు వెనక్కి వాల్చుకుని పుస్తకం తెరిచేవాడు.

"తుపాకీ కాల్చడానికెళ్తా గుడికెళ్తున్నట్టు మొహం పెడతావేంటే?" అనేవాడు.

"మీరు పుస్తకం చదువుకుంటా గురక పెట్టట్లేదేంటండీ? నేనేమన్నా అడిగేనా?"

ఆ క్లబ్బులో ఒక పద్ధతి ఉంది. చలికాలం పోటీలకు ముందు సభ్యులు ఏదో ఒక తుపాకీ ఎంచుకోవాలి. ఆ చలికాలమంతా దానితోనే సాధన, దానితోనే పోటీ. తుపాకులన్నీ క్లబ్బువే, గడప దాటవు. జైనబ్ ఆమె ముందు మూడు పెట్టింది. మొదటిది ఆమె నేర్చుకున్న చిన్న పిస్తోలు. దాని తూటా పెన్సిల్ ముక్కంత, చప్పుడు కొమ్మ విరిగినట్టు. రెండోది నైన్ ఎమ్మెమ్ పిస్తోలు, నల్లగా, బరువుగా ఉంటుంది. మూడోది కార్బైన్. అదీ ఆ నైన్ ఎమ్మెమ్ తూటానే పేలుస్తుంది గాని, గొట్టం పొడవు, భుజానికి ఆనించుకునే మడమ ఉంది.

జైనబ్ పూర్వీకులు బలూచిస్తాన్ నుంచి వచ్చిన బలూచీలు. హిందీ ధారాళంగా మాట్లాడేది. హైమవతితో ఆమె మాటలన్నీ హిందీలోనే.

"చిన్నది నీకు వచ్చేసింది, దీదీ. ఇక అందులో నేర్చుకునేదేం లేదు. కార్బైన్ తీసుకో. భుజం, చెంప, రెండు చేతులు, నాలుగుచోట్ల ఆనుతుంది. కదలదు."

"ఈ నల్లది?"

"అది మనసుకు నచ్చేది. కానీ పేలేది మణికట్టు మీద కదా, మనసు మీద కాదు."

హైమవతి మనసు మాత్రం నల్లదాని మీదే ఉండిపోయింది. పట్టు అరచేతిలో కుదురుగా ఒదిగేది. చూపుడువేలి కొస సాగదీయకుండానే ట్రిగ్గర్‌కు అందేది. పేలినప్పుడు ఆ కుదుపు మోచేతి దాకా పాకి, అక్కడ ఏదో తలుపు తట్టినట్టుండేది. వంట చేస్తూ, పండ్లు ఏరుతూ ఆ బరువునే తలుచుకునేది. ఒక్క శుక్రవారం మాత్రం, తాను నొక్కానని తెలియకుండానే అది పేలింది. తూటా గురిపలకకు చాలా కింద ఇసుకలో దిగింది. "చెమట పట్టిందా?" అని జైనబ్ అడిగితే, ఔనని తల ఊపింది. చెమట కాదు. వేలికి స్పర్శ తెలియలేదు.

ఆ ఏడు ఆయుధ పూజ శుక్రవారం నాడే పడింది. పొద్దున్నే కత్తిపీటకీ, కుట్టు మిషనుకీ, కారు స్టీరింగుకీ కుంకుమ పెట్టింది.

"నా కళ్ళజోడుకీ పెట్టవే. నాకున్న ఆయుధం అదే," అన్నాడు సూర్యప్రకాశం.

కుంకుమ భరిణె చేతిసంచిలోనే ఉండిపోయింది. క్లబ్బుకి ఆ పొద్దు ఇంకెవరూ రాలేదు. బల్ల మీద మూడు తుపాకులూ లోపల తూటా లేదని కనబడేలా నోళ్ళు తెరుచుకుని, ఖాళీగా, వరసగా ఉన్నాయి. జైనబ్ కొత్త కాగితాలు అంటించడానికి గురిపలకల వైపు నడిచి వెళ్ళింది. ఎండ ఇంకా కొండ మీదే ఉంది, కిందికి దిగలేదు. దూరంగా మేకల గంటలు. అంతా కలలోలా ఉంది. పండగ పూట పనిముట్లు బొట్టు లేకుండా బోసిగా ఉన్నాయే అనిపించింది హైమవతికి. భరిణె తీసింది. చిన్నదానికి ఒక బొట్టు, కార్బైన్‌కు ఒక బొట్టు పెట్టింది. నల్లదాన్ని కొంచెం వాటంగా తిప్పుకుని, ఉంగరపు వేలితో అద్ది, రెండు చేతులతో ఎత్తి కళ్ళకద్దుకుంది.

కళ్ళు తెరిచేసరికి ఎదురుగా, గురిపలకల దగ్గర, జైనబ్ కదలకుండా నిలబడి ఉంది. చేతులు రెండూ పక్కలకు చాచి ఉంది. పిస్తోలు గొట్టం ఆమె వైపే ఉంది.

"కింద పెట్టు. వెనక్కి నడువు."

కేక వెయ్యలేదు. అదే భయంగా ఉంది. హైమవతి పిస్తోలు పెట్టేసి ఎర్రగీత వెనక్కి వెళ్ళింది. మనిషి ముందుకెళ్ళినప్పుడు మిగతా వాళ్ళంతా ఆ గీత వెనకే ఉండాలి, తుపాకీ మీద చెయ్యి పడకూడదు. అక్కడ మొదటిరోజు నేర్పే పాఠం అది. ఖాళీదైనా సరే.

జైనబ్ తిరిగొచ్చి ఎర్రబొట్లను చాలాసేపు చూసింది.

"ఇదేంటి?"

"ఇవాళ మా పండగ. పనిముట్లకు దణ్ణం పెట్టుకుంటాం. కత్తికీ, మిషనుకీ, అన్నిటికీ."

"మా నాన్న వలకు అత్తరు రాసేవాడు, కొత్తది సముద్రంలో వేసేముందు," అంది జైనబ్ మెల్లగా. "కానీ వల నా వైపు పేలదు, దీదీ."

హైమవతి భరిణెకు మూత పెట్టింది.

"నేను చెప్పేదాకా తుపాకీ ముట్టవు. వస్తే రా. గీత వెనక కుర్చీ వేస్తాను."

కారెక్కాక సూర్యప్రకాశం అడిగాడు: "ఇవాళ చప్పుడే వినపడలేదేంటి?"

"కుంకుమ పెట్టేనండి," అంది. జరిగిందంతా చెప్పింది. అతను నవ్వబోయి, ఆమె మొహం చూసి మానుకున్నాడు.

"మానేస్తావేంటి?"

"పిల్ల అలా నిలబడిపోయిందండీ. చేతులు చాచి."

మానలేదు. శుక్రవారం శుక్రవారం వెళ్ళి, చెవులకు కప్పులు పెట్టుకుని, ఎర్రగీత వెనక కుర్చీలో కూర్చునేది. చప్పుళ్ళు నీళ్ళ అడుగు నుంచి వస్తున్నట్టు వినిపించేవి. ఎవరెవరో వచ్చి కాల్చి వెళ్ళేవారు. ఆమె చూసేది గురిని కాదు. కాల్చడం ఆపి తుపాకులు దించాక, జైనబ్ వీపు వాళ్ళవైపు పెట్టి కాగితాలు మార్చడానికి నడిచేది. ఎంత తాపీగా నడిచేదో! వెనకనున్న చేతులన్నిటినీ నమ్మి నడిచేది. అది చూస్తున్నప్పుడల్లా హైమవతికి కుడిచేతి వేళ్ళు చల్లబడేవి.

ఒక పొద్దు జైనబ్ వచ్చి, నల్ల పిస్తోలు బల్ల మీద పెట్టింది.

"రా. నీకిష్టమైనదే. ఈ చలికాలానికి ఇదే అనుకో."

హైమవతి లేచి బల్లదాకా వెళ్ళింది. పిస్తోలు కేసి ఆశగా చూసింది. ముట్టుకోలేదు.

"ఆ రోజు ఇసుకలోకి పోయింది చూడు, అది చెమట కాదు. నా వేలికి తెలీట్లేదు, జైనబ్. పొద్దున్నపూట మరీను. డాక్టరు నరం నొక్కుకుపోయిందన్నాడు. చెప్తే ఇది తీసేస్తావని చెప్పలేదు."

జైనబ్ ఆమె కుడిచెయ్యి తీసుకుని, వేళ్ళు ఒక్కొక్కటీ నొక్కి చూసింది.

"ఇది తెలుస్తోందా? ఇది?"

"లేదు. లేదు. అది కొంచెం."

"ఎడమది?"

"అది బంగారం."

జైనబ్ నల్లదాన్ని లోపల పెట్టేసి కార్బైన్ తెచ్చింది. ఎడమ భుజానికి ఆనించింది. కుడిచెయ్యి కిందినుంచి ఊరికే ఆసరా ఇస్తే చాలు, నొక్కేది ఎడమ చూపుడువేలు. హైమవతికి అంతా అద్దంలో చూస్తున్నట్టు తిరగబడి ఉంది. ఏ కన్ను మూయాలో తెలియలేదు. చెంపకు చల్లగా ఇనుము తగిలింది.

"అత్తారింటికొచ్చిన కొత్తకోడలిలా ఉన్నానే," అంది తెలుగులో. జైనబ్‌కు అర్థం కాకపోయినా నవ్వింది.

మొదటి గుండు పేలింది. వేలికి పూర్తిగా తెలిసింది, ట్రిగ్గర్ ఎక్కడ బిగిసిందో, ఎక్కడ వదిలిందో. ఖాళీ తూటా కళ్ళముందు నుంచి బంగారు తూనీగలా ఎగిరిపోయింది. కాగితం మీద గుండ్లు అక్కడొకటి, ఇక్కడొకటి, చిన్నపిల్లల చుక్కల ముగ్గులా పడ్డాయి. పోటీల లోపు ఇవి దగ్గరవుతాయో లేదో ఎవరికి తెలుసు? నల్లదాని బరువు ఇంకా కుడి అరచేతిలో మెదులుతూనే ఉంది.

"కొత్త కాగితం పెడతాను," అంది జైనబ్.

హైమవతి కార్బైన్ ఖాళీ చేసి, దాని నోరు తెరిచి బల్ల మీద పెట్టింది. ఎర్రగీత వెనక్కి వచ్చి, రెండు చేతులూ వెనక్కి కట్టుకుంది. జైనబ్ ఒకసారి ఆమె కేసి చూసింది. తర్వాత వెనుదిరిగి, ఎండ పరుచుకుంటున్న ఇసుకలో తాపీగా నడుచుకుంటూ వెళ్ళింది.