ఓడ యేసురత్నం గారి కొత్త సమాధి

పదవీ విరమణనాడు నాకు కప్పిన శాలువాల్లో ఒక్కటీ చలిని ఆపదు. అది అలా ఉంచి అసలు విషయానికొస్తాను. సర్వీసు చివరి ఏళ్లలో ఒక వేసవిలో నన్ను గద్వాల వైపు, తుంగభద్ర ఒడ్డునున్న ఒక మండలానికి తహసీల్దారుగా వేశారు. అక్కడ కొత్తగా కడుతున్న జలాశయం కింద మునిగే పొలాల్లో ఒక సమాధి ఉంది. అది యేసురత్నం గారిది, నీళ్లు రాకముందే దాన్ని వేరేచోటికి మార్చాలి. కూలి కుటుంబంలో పుట్టి, మన దేశం వాళ్లు ఓడల్లో అధికారులుగా చేరుతున్న తొలి రోజుల్లోనే సరుకుల ఓడకు రెండో అధికారి అయిన మనిషి. సముద్రంలో దారి లెక్కగట్టడం ఆయన పని. చుట్టుపక్కల అందరికీ ‘ఓడ యేసురత్నం’.

పూడ్చిన మనిషిని పైకి తీయాలంటే కార్యనిర్వాహక మేజిస్ట్రేటు, అంటే తహసీల్దారు, దగ్గరుండాలి. డాక్టరు పరిశీలిస్తాడు, సాక్షులుగా పంచులు పంచనామా మీద సంతకాలు పెడతారు. అవన్నీ సక్రమంగా జరిగాయి. ఎముకలు రెండడుగుల పెట్టెలోకి చేరాయి. పునరావాస కాలనీ శ్మశానంలో గొయ్యి కూడా దానికి తగ్గట్టే తవ్వించాం. సర్కారు పని కొలతకు సరిపోవడం నా సర్వీసులో అదే మొదలు.

ఆయన కూతురు మరియమ్మ వనపర్తిలో అంగన్‌వాడీ టీచరుగా చేసి రిటైరైంది. గొయ్యి చూసి ఆగిపోయింది.

“గింత పొట్టిగనా సారూ? ఓడల మంచం ఇరుకని ఏండ్లకేండ్లు ముడుసుకొని పండుకున్నడు మా నాయిన. ‘సచ్చినంకనన్న కాళ్లు సాపుకొని పండుకుంట బిడ్డా’ అనెటోడు. జర మనిషి పొడుగు తవ్విచ్చి, బొక్కలు వరసగ పెట్టుండ్రి. గంతే.”

తవ్వించబోతే బండ తగిలింది. బండ కొట్టే మిషను బిజినేపల్లి నుంచి వచ్చేసరికి సాయంత్రమవుతుందన్నారు. సమాధి మార్పిడికి మేం పెట్టిన సభకు ముఖ్య అతిథి పొద్దున పదకొండుకే వస్తున్నారు. ఆయన్ను ఆపే మిషను మా దగ్గర లేదు.

“ఎముకలకు ఇరుకేముంటుందమ్మా” అన్నాను. కాలేజీ రోజుల్లో నా ఇలాంటి మాటలకు చప్పట్లు పడేవి. ఆ గొయ్యి దగ్గర మాత్రం, ప్రార్థనకు వచ్చిన పాస్టరు గారు తల దించుకున్నారు.

ముఖ్య అతిథి వచ్చి యేసురత్నం గారిని నౌకాదళ వీరుడన్నారు, ఒకటి రెండు యుద్ధాలు కూడా గెలిపించారు. నేను సరిదిద్దలేదు. పెట్టె దిగింది, మట్టి పడింది, ఫొటోలు అయ్యాయి.

ఆ పంచనామాలో ఇప్పటికీ ఎవరూ తప్పు పట్టలేరు. సాయంత్రం దాకా ఆగితే మాకు పోయేది ఒక ప్రసంగం మాత్రమే. ఆ మాట అక్కడ అనాల్సిన అధికారి ఒక్కడే, అతను నేనే. అధికారం ఉన్నది సంతకానికే కాదని నాకు తెలియడానికి అంత సర్వీసు పట్టింది.

వెళ్లబోతూ మరియమ్మతో, మంచి నల్లరాయి చెక్కించి పేరూ హోదా పెద్ద అక్షరాల్లో వేయిస్తానన్నాను. ఆమె చేతులకంటిన మట్టి దులుపుకుంది.

“రాయి పెద్దగనే పెడ్తవు తియ్యి సారూ. పండే జాగనే చిన్నగ పెట్టినవ్.”