మారిపోయిన ట్రే

ఆ గ్రీకు దీవిలో ఎవాంథియా ప్రతి ఆదివారం బంగాళాదుంపలు పొడవుగా తరిగి, నిమ్మరసం, ఆలివ్ నూనె పట్టించి, చర్చికి వెళ్తూ, ఊళ్లో అందరిలాగే ట్రేని కాల్చడానికి రొట్టెల బట్టీలో ఇచ్చి వెళ్తుంది. వచ్చేటప్పుడు తెచ్చుకుని, ఇంట్లో అందరికీ వడ్డించాకే తాను తింటుంది. ఏ రుచి అయినా కళ్లు మూసుకుని, నాలుక మీద అటూ ఇటూ తిప్పి చూడటం ఆమెకు అలవాటు. మొన్న మొదటి ముక్కకే కళ్లు తెరిచింది.

"ట్రే మారిందిరా. ఇది మా అమ్మ చేతి రుచి. అంటే మీ పెద్దమ్మ చేసినవి."

తోట పంపకాల్లో గొడవపడి అక్కచెల్లెళ్లు మాట్లాడుకోక పదకొండేళ్లు.

"మార్చుకు రానా అమ్మా?" అంటూ కొడుకు లెఫ్టెరిస్ లేచాడు.

"కూర్చో. ఇంకేదో కూడా కలిపింది. ఏమిటది?"

నాలుగు ముక్కలు తిన్నా అంతుచిక్కలేదు. ఉండబట్టలేక, ట్రే కడిగి పట్టుకుని తానే అక్క తలుపు తట్టింది.

"ఇందులో ఏం కలిపావే అక్కా?"

అక్క ఆమె చేతిలోని ట్రే అందుకుంది.

"నీ వాటిల్లో ఉప్పు చాల్లేదు. లోపలికి రా, చెప్తాను."