గంటమ్మమ్మ కొట్టిన ఎనిమిది గంటల గంట

ఆవిడకు కన్నవాళ్ళు పెట్టిన పేరు ఒకటుండేది. సర్కారు బడిలో ఇరవై రెండేళ్ళుగా గంట కొట్టీ కొట్టీ ఆ పేరు ఎటో పోయింది. పిల్లలకూ, పంతుళ్ళకూ ఆవిడ గంటమ్మమ్మే.

రెండో గంట కొట్టి గేటు వేయడం, ఆ తర్వాత వచ్చినవాళ్ళ పేర్లు ఆలస్యం పుస్తకంలో ఎక్కించడం కూడా ఆవిడ పనే. ఆ పుస్తకంలో చివర 'కారణం' అని ఒక గడి ఉంది. కొత్తగా వచ్చిన పెద్ద మేడం, "అందరికీ బద్ధకం అనే రాయి. కారణాలు వింటూ కూర్చుంటే తెల్లారినట్టే" అంది. పదిసార్లు పేరెక్కితే బళ్ళోంచి పేరు కొట్టేస్తారు. మేడం చెడ్డదేం కాదు, బడిని గాడిలో పెట్టాలని తాపత్రయం. అలాంటివాళ్ళకు గాడి తప్ప ఇంకేమీ కనబడదు, అదే చిక్కు.

ఆ యేడు పుస్తకంలో ఎక్కినవాళ్ళంతా దిగువ వీధి పిల్లలే. ఆ వీధే అంత అని పంతుళ్ళు తేల్చేశారు. గంటమ్మమ్మ కూడా ఔననే అనుకుంది, దాచడం దేనికి.

ఒక సోమవారం ఐదో తరగతి పిల్ల తడి గౌనుతో గేటు దగ్గర నిలబడింది. ఆ పిల్ల పేరు పుస్తకంలో ఎక్కడం అది తొమ్మిదోసారి.

"కాస్త పెందలాడే లేవలేవుటే?"

"ఐదింటికే లేచానమ్మమ్మా. అమ్మ పనికెళ్ళిపోతుంది, నీళ్ళు నేనే పట్టాలి. నువ్వు మొదటి గంట కొడితేగా కుళాయి వచ్చేది."

"నా గంటకీ కుళాయికీ ఏమిటే సంబంధం?"

"ఏమో. నువ్వు కొడితే నీళ్ళొస్తాయి."

మధ్యాహ్నం గంటమ్మమ్మ నీళ్ళ ట్యాంకు దగ్గరికి వెళ్ళింది. అక్కడ దిగువ వీధికి నీళ్ళు వదిలే మనిషి ఆవిడకు మరిది వరస.

"నాకు వాచీ ఎక్కడిది వదినా? నువ్వు మొదటి గంట కొడతావు, నేను చక్రం తిప్పుతాను. పనిలో చేరిన రోజు నుంచీ ఇంతే" అన్నాడు.

అప్పటికి ఆవిడకు అర్థమైంది. ఇదివరకు మొదటి గంట ఎనిమిదింటికి, రెండోది తొమ్మిదింటికి. మేడం వచ్చాక, అంత ముందెందుకని మొదటిదాన్ని ఎనిమిదీ ముప్పావుకు జరిపింది. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే. ఆరు నెలలుగా ఒక వీధి వీధినంతా బద్ధకస్థులను చేసింది తన చేతి సుత్తే.

పరుగున వెళ్ళి మేడంకు చెప్పబోయింది. మేడం కాగితాల్లోంచి తలెత్తలేదు. "కారణాలు వద్దన్నానుగా. నేను చెప్పిన వేళకు తప్ప గంట ముట్టుకున్నావంటే ఉద్యోగం ఉండదు."

గంటమ్మమ్మ రాత్రంతా తన ఉద్యోగాన్నీ, పదోసారి ఎక్కబోయే ఆ పిల్ల పేరునూ తలుచుకుంటూ దొర్లింది. పొద్దున్నే ఎనిమిదింటికి గంట కొట్టేసింది.

బడి వెనక గదిలో ఉండే మేడం సగం అల్లిన జడతో పరుగెత్తుకొచ్చింది.

"ఎవర్నడిగి కొట్టావు?"

"ఎవర్నీ అడగలేదు మేడం. తీసేస్తే తీసేయండి. ముందు ఒక్కసారి దిగువ వీధి కుళాయి దాకా వెళ్ళి రండి. ఐదు నిమిషాల దారి."

మేడం ఆ సగం జడతోనే, కోపంగా, విసవిసా వెళ్ళింది.

తొమ్మిది కాకముందే దిగువ వీధి పిల్లలు బిలబిలమంటూ వచ్చేశారు. ఆ పిల్ల పొడి గౌనుతో అందరికన్నా ముందుంది. రెండో గంట కొట్టి గేటు వేశాక చూస్తే బయట ఒక్కరూ లేరు. పదినిమిషాలయ్యాక ఎవరో గేటు తట్టారు.

పెద్ద మేడం. మోకాళ్ళ దాకా తడిసిన చీర.

"ఎవరో ముసలమ్మ నా చేతిలో బిందె పెట్టి వరసలో నిలబెట్టింది. నేనెవరో చెప్పాను. అయితే ఏం, ఒలకకుండా పట్టుకో అంది."

గంటమ్మమ్మకు నవ్వు తన్నుకొచ్చింది. బలవంతాన మింగి గేటు తీసింది. మేడం లోపలికి రాలేదు.

"పుస్తకం ఇలా ఇవ్వు."

తన పేరు తనే రాసుకుని, కారణం గడిలో 'నీళ్ళు' అని రాసింది. తర్వాత అక్కడే నిలబడి, వెనక్కి ఒక్కొక్క పేజీ తిప్పుతూ, దిగువ వీధి పేర్ల పక్కనున్న బద్ధకాలన్నీ కొట్టేసి నీళ్ళు, నీళ్ళు అని దిద్దుకుంటూ పోయింది. ప్రార్థన గంటకు వేళ మించిపోయింది. ఇరవై రెండేళ్ళలో అది మొదటిసారి. గంటమ్మమ్మ కదల్లేదు.

ఒకచోట మేడం కలం ఆగింది.

"ఈ పేరు ఇప్పటికి తొమ్మిదిసార్లు వచ్చింది. ఎవరీ పిల్ల?"

"ఐదింటికే లేచే పిల్ల మేడం" అంది గంటమ్మమ్మ.